తల్లి ఉన్న పిల్లకు అనాథ పాసు

మే ఖ్లా శరణార్థుల శిబిరం,
సెక్షన్ 7-బి,
బుధవారం.

శిబిర అధికారి, పలాత్ గారి సముఖమునకు

అయ్యా,

విషయం: సెక్షన్ 7-బి నివాసి, తొమ్మిదేళ్ళ బాలిక నో లామును శుక్రవారం ఉదయం తొమ్మిది గంటలకు మిషన్ వారి తెల్ల వ్యానులో చియాంగ్ మాయి అనాథాశ్రమమునకు పంపుటకై తమ కచేరీలో తయారైయున్న ప్రయాణపు పాసు మీద ముద్ర వేయవద్దని వేడుకొనుట గురించి.

సూచిక: ఇదే విషయమై సోమవారం నేను తమ గుమాస్తాకు నోటితో చెప్పినది, ఆయన విననిది.

క్రింద సంతకము చేసిన సో తమ్లా అను నేను, వయసు యాభై రెండు, శిబిర పాఠశాలలో లెక్కల ఉపాధ్యాయుడను, ఇరవై ఏడేళ్ళుగా తమ దేశమునకు తాత్కాలిక అతిథిని, మనవి చేసుకొనునదేమనగా:

1. సదరు బాలిక అనాథ కాదు.

న్యాయానికి అర్జీ ఇక్కడితో ముగిసిపోవాలి. ఒక్క వాక్యం చాలాలి. కానీ సరిహద్దు దాటి పారిపోయి వచ్చిన కరెన్‌వాళ్ళం చెప్పే మాటకు కాగితం బరువు ఉంటే తప్ప తూగదని ఇరవై ఏడేళ్ళలో నేర్చుకున్నాను కనుక, మిగతా కాగితం కూడా నింపుతున్నాను.

2. సదరు బాలికను అనాథను చేసినది యుద్ధం కాదు, ఎర్ర సిరా.

ప్రతి నెలా బియ్యం ఇచ్చే ముందు మా తలలు లెక్కపెడతారని తమకు తెలుసు. పిలిచినప్పుడు మనిషి ఎదురుగా నిలబడాలి. నిలబడకపోతే పేరు మీద ఎర్ర గీత. ఎర్ర గీత అంటే ఈ నెల ఆ మనిషికి బియ్యం లేదని అర్థం. ఇది ఈ శిబిరంలో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. మనిషి కట్టెలకు పోయి ఉండవచ్చు, జ్వరంతో పడుకుని ఉండవచ్చు, ఇంకెక్కడైనా ఉండవచ్చు. లాము తల్లి నో సేమ్వీ పేరు మీద అలాంటి గీతలు ఏడు ఉన్నాయి.

సజీవ నది మిషన్ పెద్ద పాస్టర్ వెండెల్ దొరగారికి అనాథలు కావలసి వచ్చారు. ఆశ్రమంలో పన్నెండు మంచాలు ఖాళీగా ఉన్నాయట. ఆయన మా సెక్షన్ నాయకుడి దగ్గర బియ్యం జాబితా తీసుకుని, ఫోనులో ఫొటోలు తీసుకుని, ఎర్ర గీతలన్నిటినీ చావులుగా రాసుకున్నారు. ఎవరినీ అడగలేదు. ఆ లెక్కన మా సెక్షన్‌లో పోయిన ఏడాది అరవై ఒక్కమంది చచ్చిపోయారు. ఆ చచ్చినవారిలో ఒకడు మొన్న ఫిబ్రవరిలో వెండెల్ దొరగారి జనరేటరు బాగుచేసి, కాఫీ తాగి వెళ్ళాడు.

3. తల్లి ఎక్కడ ఉన్నదని తమరు అడుగుతారు.

తండ్రి సంగతి ముందు చెబుతాను, అది సులభం. నాలుగేళ్ళ కింద పసుపు తవ్వుకు రావడానికి సరిహద్దులోని మోయి నది దాటి తన సొంత చేనుకు పోయి, తన సొంత గట్టు మీద మందుపాతర తొక్కాడు. ఆయన విషయంలో ఎర్ర గీత సరైనదే.

తల్లి మాత్రం శిబిరం జాబితాలో లేదు, భూమి మీద ఉంది. ఎక్కడ ఉన్నదో నాకు తెలియదు. ఈ చివరి వాక్యం అబద్ధమని తమకూ తెలుసు, నాకూ తెలుసు. శిబిరం కంచె దాటి పని చేసుకోవడం నేరమని తమరే బోర్డు రాయించారు. బియ్యం సగానికి కోసినప్పుడు కంచె దాటక ఏం చేయాలో మాత్రం ఆ బోర్డు మీద రాయించలేదు. కాబట్టి ఆమె బతికున్నదని నేను రుజువు చేస్తే ఆమెను పట్టిచ్చినవాణ్ణి అవుతాను, చేయకపోతే పిల్లను వ్యాను ఎక్కించినవాణ్ణి అవుతాను. తమ ప్రభుత్వమూ వారి మిషనూ కలిసి ఇంత చక్కని ఉచ్చు పన్నాలని కూర్చుని ఆలోచించి ఉండరు. ఆలోచించకుండానే ఇంత బాగా కుదిరిందంటే మెచ్చుకోక తప్పదు.

4. సదరు మిషన్ వారి సేవల గురించి.

క్రీస్తు పేరు విననివారికి ఆ పేరు వినిపించడానికి వెండెల్ దొరగారు నాలుగేళ్ళ కింద ఇక్కడికి దయచేశారు. మా జాతికి ఆ పేరు వినిపించి రెండు వందల ఏళ్ళయింది. మా తాత చర్చిలో డీకను. మా నాన్న చర్చిలో నాలుగు గొంతుల పాట నేర్పేవాడు. నేను చర్చి మానేశాను, అది నాకూ మా నాన్నకూ మధ్య వ్యవహారం, అందులో ఏ దొరకూ భాగం లేదు. ఇప్పటికీ ఆదివారం ఉదయం మా వెదురు చర్చి పక్కనుంచి పోతుంటే నా కాళ్ళు నెమ్మదిస్తాయి, అదీ ఒప్పుకుంటాను.

అలాంటి చోటికి ఆయన క్రీస్తును అట్టపెట్టెల్లో తెచ్చారు. మా సెక్షన్ జనాభా మూడు వందల చిల్లర. మిషన్ వారి వార్షిక నివేదిక ప్రకారం మా సెక్షన్‌లో రక్షింపబడిన ఆత్మలు నాలుగు వందల పన్నెండు. ఇది అద్భుతం కాదు, లెక్కల మాస్టరుగా నేను విడదీసి చెప్పగలను. దోమతెరల రోజు ఒకసారి, చేప డబ్బాల రోజు ఒకసారి, పలకల రోజు ఒకసారి మా వాళ్ళు బాప్తిస్మానికి వాగులో మునిగారు. ఎండాకాలంలో ఇంకొంచెం ఎక్కువ మునిగారు.

మా వెదురు చర్చి పాస్టరు ప్లేడో తాతగారిని నేను నిలదీశాను. ఆయనకు ఎనభై ఒకటి. వక్క నములుతూ గుమ్మంలో కూర్చున్నారు.

"తాతా, మీ మందనే మళ్ళీ మళ్ళీ ముంచుతున్నారు. మీకు కోపం రాదా?"

"ఎందుకురా కోపం? ఉక్కగా ఉంది. ఒళ్ళు కడుక్కున్నట్టుంటుంది."

"నవ్వులాట కాదు."

"నవ్వులాటేరా. మొన్న నన్నే పట్టుకుని ముంచబోయాడు. పాపాలు ఒప్పుకోమన్నాడు. బాబూ, నా పాపాలు డెబ్బై ఏళ్ళుగా అప్పటికప్పుడే ఒప్పుకుంటూ వస్తున్నాను, నిలవ లేవు, నీకోసం కొత్తవి చేసి రావాలంటే నా మోకాళ్ళు సహకరించవు అన్నాను."

"ఆయనేమన్నాడు?"

"హల్లెలూయా అన్నాడు. తర్జుమాకి నువ్వు దగ్గర లేవుగా."

అవును. మిషన్ వారి సభలకు దుబాసీని నేనే. ఇది దాచను. జీతంగా పాఠశాలకు సుద్దముక్కలు, నోటు పుస్తకాలు ఇచ్చేవారు. నాలుగేళ్ళు నా నోటితో ఆయన మాటలు మా వాళ్ళకు చెప్పాను. అందుకే ఈ అర్జీలో నేను ఫిర్యాదుదారుణ్ణే కాదు, ఆరో అంశంలో ముద్దాయిని కూడా.

5. దారముల గురించి.

ఆగస్టులో మేము చేతికి తెల్లదారం కట్టుకుంటాం. అరటిపండు, చెరకు ముక్క, అన్నం ముద్ద ముందు పెట్టుకుని, భయపడి ఎటో తిరుగుతున్న ప్రాణాన్ని పెద్దవాళ్ళు పేరు పెట్టి పిలుస్తారు. "అడవిలో ఉండకు, నది ఒడ్డున ఉండకు, ఇంటికి రా, అన్నం ఉంది" అంటారు. తర్వాత మణికట్టుకు దారం కడతారు. బౌద్ధులు కడతారు, కొండ పూజలవాళ్ళు కడతారు, క్రైస్తవుల్లో సగంమంది తలుపు వేసుకుని కడతారు. నాకు ఇందులో నమ్మకం లేదు. ప్రాణం తిరగదు, చచ్చిపోతుంది, అంతే. అయినా మా ఊళ్ళు తగలబడినప్పుడు ఆ కేకలో మాకు పనికొచ్చినది ఏదో ఉంది. దాని పేరు నాకు తెలియదు, వెండెల్ దొరగారికి అంతకంటే తెలియదు.

ఈసారి దారాలు కట్టిన తర్వాతి శనివారం మిషన్ హాలులో బొంతలు పంచారు. గుమ్మంలో ఒక దొరసాని కత్తెర పట్టుకుని నిలబడింది. ముందు దారం, తర్వాత బొంత. తెంపిన దారాలు వేయడానికి బిస్కెట్ల డబ్బా పెట్టారు. వరసలో నాలుగోది లాము. ఆ పిల్ల చెయ్యి వెనక్కి పెట్టుకుంది. వాళ్ళ అమ్మమ్మ బ్వే అవ్వ ఆ దారం కడుతున్నప్పుడు పిల్ల ప్రాణంతోపాటు పిల్ల తల్లి ప్రాణాన్ని కూడా పిలిచింది. నేను విన్నాను, మాది పక్కిల్లే.

వెండెల్ దొరగారు నా వైపు తిరిగారు.

"ఇది సైతాను సంకెల అని పిల్లలకి చెప్పండి."

"చెప్పను."

"మీరు కూడా నమ్మరు కదా? దారంలో ఏమీ లేదని మీరే అన్నారు."

"లేదు. అందుకే తెంపాల్సిన పనీ లేదు. నేను దారాన్ని నమ్మను, కత్తెరని అసలే నమ్మను."

"మాస్టర్ గారూ, మీరు క్రైస్తవులా, కాదా?"

"లెక్కల మాస్టర్ని. మీ మెడలో వేలాడేది తీసి ఆ డబ్బాలో వేయండి, ఆ తర్వాత వీళ్ళ చేతులవి వేయిస్తాను. అప్పుడు లెక్క సరిపోతుంది."

ఇదే ముక్క మా భాషలో కూడా గట్టిగా చెప్పాను. హాలు గొల్లుమంది. వెండెల్ దొరగారి మెడ ఎర్రబడింది. నేను చెప్పులేసుకుని బయటికి నడిచాను. వాదన గెలిచిన మనిషి ఎలా నడుస్తాడో తమకు తెలుసు. ఇంటికి పోయి తలబో వేడి చేసుకుని తిన్నాను. ఆ వెదురుకొమ్ముల జావ అంత రుచిగా ఎప్పుడూ లేదు.

6. వేలిముద్ర గురించి.

నేను గెలిచి వెళ్ళిపోయాక ఆ హాలులో రెండు భాషలు మిగిలాయి, మధ్యలో మనిషి లేడు.

వరసగా వచ్చినవాళ్ళకు బొంతలిచ్చారు, కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నారు. బ్వే అవ్వకు బొంత కాగితంతోపాటు ఇంకో కాగితం పెట్టారు. అవ్వ రెంటి మీదా వేసింది. వేయదా మరి? ఈ శిబిరంలో ఆవిడ ఇరవై రెండేళ్ళు వేలు వేసింది. వేలు వేస్తే బియ్యం వచ్చాయి, నూనె వచ్చింది, టీకా వేశారు, ఒకసారి మూడు కోడిపిల్లలు వచ్చాయి. వేలు వేసినందుకు ఇచ్చేవాళ్ళే తప్ప తీసుకుపోయేవాళ్ళు ఉంటారని ఆవిడ ఎక్కడ నేర్చుకుంటుంది? మేమే ఇలా తయారుచేసుకున్నాం ఈ మనుషుల్ని. సిరాడబ్బీ మూత తీసిన చప్పుడైతే చెయ్యి దానంతటదే చాస్తారు.

ఆ రెండో కాగితంలో ఉన్నదేమనగా: బాలిక తల్లీ తండ్రీ మరణించినారు, ఏకైక సంరక్షకురాలినైన నేను వృద్ధురాలను, బాలికను మిషన్ వారికి పూర్తిగా అప్పగించుచున్నాను, మరల కోరను. సాక్షి: దొరసాని. దుబాసీ: అని రాసి ఉన్న చోట ఖాళీ.

ఆ ఖాళీ నాది. అక్కడ నేను నిలబడి ఉంటే ఆ కాగితం చదివేవాణ్ణి.

7. సోమవారం సంగతి.

సోమవారం ఉదయం దొరసాని వచ్చి లాము పాదాలు కొలుచుకుని పోయింది. అప్పటికీ అవ్వకు అర్థం కాలేదు, బూట్లు పంచుతారనుకుంది. పక్కింటి పిల్ల చెప్పింది, "శుక్రవారం లాము వ్యాన్లో పోతోందట" అని. అవ్వ ఆ బొంత చంకలో పెట్టుకుని మా ఇంటికి వచ్చింది.

"మాస్టారూ, ఇది తిరిగిచ్చేస్తే నా వేలు నాకు తిరిగిస్తారా?"

నేను కాగితం సంగతి కనుక్కుని వచ్చి చెప్పాను. ఆవిడ బొంతను గుమ్మం పక్కన పెట్టింది. తర్వాత అంది:

"నువ్వేమో వాదించడానికి పోయావు. నేను వేలు వేయడానికి పోయాను. ఇద్దరం బాగా చేసుకొచ్చాంలే నాయనా."

"అవ్వా, అర్జీ రాస్తాను."

"రాయి. నీకు మాటలు బాగా వస్తాయి. ఆ రోజూ బాగానే వచ్చాయి."

లామును కూడా అడిగాను. అడగడం న్యాయం, ఎవరూ అడగలేదు.

"పోతావా అక్కడికి? మంచం ఉంటుందట, పాలుంటాయట."

"అక్కడ కూడా తలలు లెక్కపెడతారా, మాస్టారూ?"

"పెట్టరేమో."

"మరి అమ్మ వచ్చినప్పుడు నేనక్కడున్నానని ఎవరికి తెలుస్తుంది?"

తొమ్మిదేళ్ళ పిల్లకు వచ్చిన ప్రశ్న ఇది. దొరగారి ఆశ్రమానికీ తమ కచేరీకీ రాలేదు.

8. తమ గుమాస్తా గారి అభిప్రాయం గురించి.

సోమవారం మధ్యాహ్నం ఆయన నాతో, "ఎందుకయ్యా అడ్డుపడతావు? అక్కడ ఇనుప మంచం, బడి, రోజూ గుడ్డు. ఇక్కడ నువ్వేం పెడతావు?" అన్నారు. మంచి ప్రశ్నే. జవాబు: ఏమీ పెట్టలేను. ఇక్కడ సగం బియ్యం, పసుపు రంగు పప్పు, చేపల ముద్ద, కారే ఇంటికప్పు. కానీ గుడ్డు పెట్టాలంటే ముందు తల్లిని చంపాలన్న నియమం ఎవరు పెట్టారు? ఆ గుడ్డు ఇక్కడికి తెస్తే పగిలిపోతుందా? అట్టపెట్టెల్లో క్రీస్తు అంత దూరం నుంచి చెక్కుచెదరకుండా వచ్చాడే!

ఇంకొకటి. బతికున్న తల్లికి మూడు కిలోమీటర్ల అవతలి మొక్కజొన్న చేలో కలుపు తీయడానికైనా తమ కచేరీ పాసు ఇవ్వదు. అదే తల్లి చచ్చిందని రాస్తే ఆమె పిల్లకు చియాంగ్ మాయి దాకా పాసు నాలుగు రోజుల్లో తయారైంది. ఆ కొండదారిలో ఎన్ని తనిఖీ గేట్లున్నాయో తమకు తెలుసు, అన్నీ లేచే పాసు. మేము బతకడానికి కావలసిన కాగితం కంటే చావడానికి కావలసిన కాగితం తమ దగ్గర తొందరగా దొరుకుతుంది. దీన్ని జాలి అంటున్నారు. వారి నివేదికలో ప్రేమ అని కూడా అన్నారు. లాము బొమ్మ వేసి, కింద "ఈమెకు ఎవరూ లేరు" అని అచ్చువేశారు. ఆ ఫొటో తీసేటప్పుడు పిల్ల పక్కన నిలబడిన అవ్వను కొంచెం జరగమన్నారు. అవ్వ జరిగింది. ఫొటో అంచున ఆవిడ మోచెయ్యి ఇప్పటికీ కనబడుతోంది, జతచేశాను, తమరు చూడవచ్చు.

సరిహద్దుకు అవతల విమానాలు మా బడుల మీద బాంబులు వేస్తున్నాయి. అది చేసేవాడు శత్రువని చెప్పుకోవడానికైనా ఉంది. ఇవతల చేసేవాళ్ళు పాట పాడి, చాక్లెట్ ఇచ్చి చేస్తారు. వాళ్ళకు కృతజ్ఞత చెప్పాలట, అదీ నేను తర్జుమా చేయాలట. ఇక చేయను.

కావున ప్రార్థన ఏమనగా:

(అ) శుక్రవారపు పాసు మీద ముద్ర వేయకూడదు.

(ఆ) వేలిముద్ర వేసిన కాగితమును దుబాసీ లేనందున చెల్లనిదిగా ప్రకటించవలెను. దుబాసీ లేకపోవడం నా తప్పు. దానికి నన్ను ఏమి చేసినా అభ్యంతరము లేదు.

(ఇ) ఎర్ర గీతకు అర్థమేమిటో వెండెల్ దొరగారికి తమరే స్వయముగా సెలవియ్యవలెను. నేను చెబితే హల్లెలూయా అంటారు.

(ఈ) తల్లి ఎక్కడ ఉన్నదని మాత్రం దయచేసి అడగకూడదు.

ఇన్ని పుటలు చిత్తగించవలెనని అడిగే హక్కు నాకు లేదు. అయినా చిత్తగించవలెను. చదవకుండా ముద్ర వేయడం కంటే ఇది ఎక్కువ శ్రమే, గంట పని.

వేరే దారి లేక ఇరవై ఏడేళ్ళుగా
తమ విధేయుడు,
సో తమ్లా

జతపరచినవి: మిషన్ వార్షిక నివేదికలోని ఫొటో ఒకటి. పాస్టరు ప్లేడో గారు చర్చి ముద్రతో ఇచ్చిన ధ్రువపత్రం ఒకటి, అందులో ఆయన "ఈ పిల్ల తల్లికి నేనే పెళ్ళి చేశాను, అంత్యక్రియలు మాత్రం చేయలేదు" అని రాశారు.

తా.క. గురువారం ఉదయం, తమ కచేరీ వరండా నుంచి రాస్తున్నాను. పైన (ఈ)లో చేసిన ప్రార్థన ఉపసంహరించుకుంటున్నాను.

సేమ్వీ వచ్చింది. ఎవరు కబురు చేశారో నేను చెప్పను, ఆమె ఎటు నుంచి వచ్చిందో ఆమే చెబుతుందట. నా శాయశక్తులా ఆపాను. గేటు దగ్గర ఆమె ఈ కాగితాలు నా చేతిలోంచి లాక్కుని, నిలబడే చదివింది.

"బాగా రాశారు మాస్టారూ. నేనెక్కడున్నానో మాత్రం తెలీదన్నారు."

"నిన్ను కాపాడ్డానికమ్మా. లోపలికెళ్తే పట్టుకుని నది అవతలకి పంపేస్తారు."

"చచ్చినదాన్ని ఎలా పంపుతారు? ముందు బతికున్నానని రాసుకోవాలిగా. ఆ ఒక్క ముక్కా రాయించుకుని పోతాను."

"సేమ్వీ, నా మాట విను. నేను వాదిస్తాను."

"మీరు వాదించింది చాలు మాస్టారూ, కాస్త జరగండి."

జరిగాను.

ఆమె వరసలో మూడోది. పట్టుకోవలసి వస్తే పట్టుకోండి, ఆమె పారిపోదు, మూడు గంటలు లారీలో చెరకు గడల కింద నక్కి వచ్చినది పారిపోవడానికి కాదు. కానీ ముందు ఆ పాసు చించి, తర్వాత పట్టుకోండి. రుజువు కావాలంటే కాగితాలు వెతకనక్కర్లేదు. ఆమె లామును మోకాళ్ళ మధ్య ఇరికించుకుని తలలో పేలు చూస్తోంది. ఏడు నెలలు ఈ జుట్టు ఎవరూ దువ్వలేదా అని అవ్వనీ, నన్నూ, ప్లేడో తాతగారినీ పేరుపేరునా తిడుతోంది. పిల్ల నొప్పి నొప్పి అని అరుస్తూ, తల మాత్రం తీయడం లేదు. తలుపు తెరిచి చూడండి. చూడకపోయినా, ఈపాటికి లోపలికి వినబడుతూనే ఉండాలి.